తిరుపతి 'క్వాంటం ధ్యానం' వర్క్‌షాప్: దేనికి కూర్చోవాలి, ఎక్కడ లేచి రావాలి

ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు ఒక చిన్న కల్యాణ మండపంలో శని, ఆదివారాలు నడిచే వర్క్‌షాప్ ఇది. ఆధునిక భౌతికశాస్త్రానికీ ఆత్మానుభూతికీ ఉన్న సంబంధం అన్నది విషయం. ఫీజు 2,500 రూపాయలు. రెండు పూటలా కాఫీ, మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నంతో భోజనం అందులోనే. నిర్వాహకుల పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇవే స్లైడ్లు, ఇదే వరస వేరే వేరే బ్యానర్ల కింద కూడా నడుస్తున్నాయి. కాబట్టి ఈ సమీక్ష సంస్థ మీద కాదు, పాఠం మీద. మార్కులు ముందే చెప్పేస్తాను: ధ్యానానికి 5కి 4, ఫిజిక్స్‌కి 5కి 2, చివర్లో పెట్టే స్టాల్‌కి సున్నా.

శనివారం పొద్దున లేజర్ ప్రయోగంతో మొదలుపెడతారు. రెండు రోజుల్లో అన్నిటికంటే బాగున్న అరగంట ఇదే. ఒక ఎర్ర లేజర్ పాయింటర్, ఒక తలవెంట్రుక, 3 మీటర్ల దూరంలో తెల్ల గోడ. అట్టముక్కలో కంత చేసి, దాని మీద వెంట్రుకను నిలువుగా బిగించి టేపు అంటిస్తారు. కిరణం సరిగ్గా వెంట్రుక మీద పడగానే గోడ మీద ఒక్క చుక్క ఉండాల్సిన చోట అడ్డంగా వెలుగు, చీకటి, వెలుగు, చీకటి అని చారలు పరుచుకుంటాయి. సైన్సు చదవని వాళ్ళు కూడా కుర్చీల్లోంచి లేచి గోడ దగ్గరికి వెళ్ళి చూశారు. అంత ముచ్చటైన దృశ్యం అది.

ఇంట్లో చేసుకునేవాళ్ళకు కొన్ని మాటలు. పాయింటర్‌ను చేత్తో పట్టుకుంటే వణుకుడుకు చారలు నిలవవు. బట్టల క్లిప్పుతో బటన్ నొక్కి ఉంచి, పుస్తకాల దొంతర మీద పెట్టాలి. నూనె రాసిన వెంట్రుక వాడితే దుమ్ము అంటుకుని చారలు మసకబారతాయి. షాంపూతో కడిగి ఆరబెట్టినది తీసుకోండి. ఎర్ర పాయింటర్, అదీ 1 మిల్లీవాట్ లోపుది చాలు. చవక ఆకుపచ్చ పాయింటర్లు కొనకండి. వాటిలో చాలావాటికి లోపలి ఫిల్టర్ ఉండదు, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కూడా బయటికి వస్తుంది. పిల్లలు పక్కనుంటే మరీ ప్రమాదం.

ఈ చారలతో వెంట్రుక మందం కూడా కొలవచ్చు. ఎర్ర వెలుగు తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు. దాన్ని గోడ దూరంతో హెచ్చించి, పక్కపక్కనున్న రెండు చీకటి గీతల ఎడంతో భాగిస్తే మందం వస్తుంది. గోడ 3 మీటర్ల దూరంలో ఉండి, ఎడం 2.8 సెంటీమీటర్లు అయితే వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. నడిమి వెలుగు పట్టీకి అటూ ఇటూ ఉన్న చీకటి గీతల మధ్య ఎడం మిగతావాటికి రెట్టింపు ఉంటుంది, దాన్ని కొలవకూడదు. వర్క్‌షాప్‌లో అదే కొలిచి, వెంట్రుక 35 మైక్రాన్లని బోర్డు మీద రాసి, అలాగే వదిలేశారు.

కొలత తప్పు చిన్నదే. ఆ వెంటనే చెప్పిన మాట పెద్ద తప్పు. చారలు చూపించి "ఇదే క్వాంటం రహస్యం" (పరమాణువుల స్థాయి భౌతికశాస్త్రపు రహస్యం) అన్నారు. కాదు. 1803లో థామస్ యంగ్ సూర్యకిరణంలో సన్నటి అట్టముక్క అడ్డం పెట్టి చూపించింది ఇదే. వెలుగు తరంగమని చెబితే చాలు, చారలకు లెక్క సరిపోతుంది. 1 మిల్లీవాట్ ఎర్ర లేజర్ వెలిగినప్పుడు ఆ 3 మీటర్ల దారిలో ఏ క్షణంలో చూసినా 3 కోట్ల పైచిలుకు ఫోటాన్లు, అంటే వెలుగు కణాలు, ప్రయాణంలో ఉంటాయి. క్వాంటం వింత బయటపడాలంటే ఈ గుంపును ఒక్కొక్కటిగా విడదీయాలి. 1909లో జెఫ్రీ టేలర్ గ్యాస్ దీపానికి మసి పట్టించిన అద్దాలు అడ్డం పెట్టి, వెలుగును బాగా తగ్గించి, కుట్టుసూది నీడను ఫోటో తీశాడు. ఒక ఫోటోకు సుమారు 2,000 గంటలు పట్టింది. అయినా చారలు చెక్కుచెదరలేదు. 1989లో జపాన్‌లో తొనొమురా బృందం ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపింది. ఒక్కో ఎలక్ట్రాన్ తెర మీద ఒకే ఒక చుక్కగా పడుతుంది. వేల చుక్కలు పోగయ్యాక చారలు తేలతాయి. వింత అంతా ఈ చుక్కకూ చారకూ మధ్య ఉంది. ఆ చుక్కలు నెమ్మదిగా చారలయ్యే దృశ్యాన్ని తెర మీద ఒక్కసారి చూపించి ఉంటే పాఠం నిలబడేది.

తర్వాతి సెషన్ మొత్తం "మీరు చూస్తే కణం, చూడకపోతే తరంగం" అన్న వాక్యం మీద నడుస్తుంది. అక్కడి నుంచి "మీ చైతన్యమే ప్రపంచాన్ని సృష్టిస్తోంది" దాకా రెండే స్లైడ్లు. దీన్ని అక్కడికక్కడే పరీక్షించవచ్చు. ఫోన్‌ను స్టాండ్ మీద పెట్టి, గోడ మీది చారలను వీడియో తీస్తూ, హాల్లో అందరినీ ఒక నిమిషం కళ్ళు మూసుకోమనాలి. తర్వాత వీడియో చూస్తే చారలు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. ఫిజిక్స్‌లో 'పరిశీలన' అంటే మనిషి చూడడం కాదు. కణం ఏ దారిన పోయిందో చెప్పే ఆనవాలు లోకంలో ఎక్కడైనా మిగలడం. దాన్ని ఎవరూ చదవనక్కర్లేదు. వియన్నాలో త్సైలింగర్ బృందం 1999లో 60 కార్బన్ పరమాణువుల బంతుల్లాంటి అణువులతో కూడా చారలు తెప్పించింది. 2004లో 70 కార్బన్ల అణువులను ముందుగా లేజర్‌తో బాగా వేడిచేసి పంపితే, వేడి పెరిగేకొద్దీ చారలు కొంచెం కొంచెంగా చెరిగిపోయాయి. వేడి అణువు దారిలో సొంతంగా ఫోటాన్లు వదులుతుంది, ఆ ఫోటాన్లు అది ఎక్కడుందో 'చెప్పేస్తాయి'. వాటిని పట్టుకున్నవాళ్ళు లేరు, చూసినవాళ్ళు లేరు. చారలు పోయాయి.

ఇంట్లోనే దీని చిన్న రూపం చేసుకోవచ్చు. వెంట్రుక బదులు సన్నటి రాగితీగ పెట్టి, దానికి ఒకపక్క నిలువు పోలరైజర్ ఫిల్మ్ (ఒకే దిశలో ఊగే వెలుగును మాత్రమే దాటనిచ్చే పలచటి రేకు), మరోపక్క అడ్డ పోలరైజర్ ఫిల్మ్ అంచులు తీగకు ఆనేలా అంటించాలి. పాడైన క్యాలిక్యులేటర్ తెర మీది ఫిల్మ్ దీనికి సరిపోతుంది. ఇప్పుడు చారలు పోయి ఒక మసక మచ్చ మిగులుతుంది. తీగకూ గోడకూ మధ్య మూడో ఫిల్మ్‌ను 45 డిగ్రీల వాలుగా పెడితే చారలు తిరిగొస్తాయి. చాలామందికి ఇది మొదటిసారి రాదు. కారణం, లేజర్ పాయింటర్ వెలుగు తరచుగా ముందే పోలరైజ్ అయి ఉంటుంది. ఒక పక్క ఫిల్మ్ దాన్ని పూర్తిగా ఆపేస్తుంది. పాయింటర్‌ను దాని అక్షం మీదే మెల్లగా తిప్పుతూ, రెండు పక్కలా వెలుగు సమానంగా దాటే చోట ఆపాలి. ఇదీ తరంగ లెక్కతో వివరించగలిగేదే. కానీ ఫోటాన్లను ఒక్కొక్కటిగా పంపినా ఫలితం మారదు, మనిషి మనసుకు ఇందులో పనేమీ లేదని కళ్ళకు కడుతుంది.

ఫిజిక్స్ తెలిసినవాళ్ళు ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతారు. నాకు అంతకంటే ఎక్కువ బాధ కలిగించింది వేదాంతం వైపు జరిగిన నష్టం. స్లైడులో ఒకపక్క 'అబ్జర్వర్', రెండోపక్క 'సాక్షి' అని రాసి మధ్య సమానం గుర్తు పెట్టారు. మన దగ్గర దృక్కు, దృశ్యం అనే విచారణ ఎంత పదునుగా ఉందో చూడండి. రూపం దృశ్యం, కన్ను చూసేది. కన్ను మందగించిందని, చురుగ్గా ఉందని మనసు గుర్తిస్తుంది కాబట్టి కన్నూ దృశ్యమే. మనసులో కోపం, సంశయం వచ్చి పోతున్నాయని తెలుస్తోంది కాబట్టి మనసూ దృశ్యమే. వీటన్నిటినీ ప్రకాశింపజేస్తూ తాను మాత్రం దేనికీ దృశ్యం కానిది సాక్షి. ఈ లెక్కన ల్యాబ్‌లోని డిటెక్టర్, ఫోటో ప్లేటు, రీడింగు రాసుకునే శాస్త్రవేత్త కన్ను, అతని మనసు అన్నీ దృశ్యం కోవలోకే వస్తాయి. పైగా సాక్షి అకర్త. చూపుతో తరంగాన్ని కణంగా మార్చేది సాక్షి అని ఒప్పుకుంటే సాక్షికి కర్తృత్వం అంటగట్టినట్టే. ఆ సమానం గుర్తు వల్ల అద్వైతానికి ఏ లాభమూ లేదు, ఉన్న పునాదే కదులుతుంది.

ఇంకో తేడా కూడా ఉంది. క్వాంటం సిద్ధాంతానికి పునాది వేసినవాళ్ళలో ఒకడైన నీల్స్ బోర్ ఎప్పుడూ పట్టుబట్టి చెప్పింది ఏమంటే, కొలిచే పరికరం ఒకటి, కొలవబడేది ఒకటి అని ఎక్కడో ఒక గీత గీయకుండా ప్రయోగం గురించి మాట్లాడలేం. గాఢమైన అనుభూతిలో చూసేవాడు, చూడబడేది అన్న గీతే ఉండదని అనుభవించినవాళ్ళు చెబుతారు. ఒకటి గీత మీద నిలబడుతుంది, రెండోది గీత చెరిగిన చోట మొదలవుతుంది. ఈ ఎదురుబొదురుతనాన్ని ఒక గంట చర్చకు పెట్టి ఉంటే ఈ ఫీజు ఎక్కువనిపించేది కాదు.

చరిత్ర స్లైడ్లు త్వరగా దాటించారు, తప్పులు కూడా అంతే త్వరగా దాటిపోయాయి. భౌతిక శాస్త్రవేత్త హైసెన్‌బర్గ్‌కు ఠాగూర్‌ను కలిశాకే అనిశ్చితి సూత్రం (కణం ఉన్న చోటూ వేగమూ రెండూ ఒకేసారి కచ్చితంగా తెలియవన్నది) తట్టిందన్నారు. ఆయన కలకత్తా వచ్చింది 1929లో, సూత్రం అచ్చయింది 1927లో. వివేకానందుడు చెప్పడం వల్లే టెస్లా ద్రవ్యం, శక్తి ఒకటేనని నిరూపించాడన్నారు. 1896లో వివేకానందుడు రాసిన ఉత్తరంలో ఉన్నది, టెస్లా దాన్ని గణితంతో చూపించగలనని అనుకుంటున్నాడని. టెస్లా చూపించలేకపోయాడు. ఆ సమీకరణం 1905లో ఐన్‌స్టైన్ నుంచి వచ్చింది, అప్పటికి స్వామి పరమపదించి మూడేళ్ళు. జెనీవాలోని కణ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్ ఆవరణలో నటరాజ విగ్రహం ఉన్న మాట నిజం, 2 మీటర్ల ఎత్తు, 2004 జూన్‌లో ఆవిష్కరించారు. అది భారత ప్రభుత్వం ఇచ్చిన కానుక. శివతాండవాన్ని ప్రయోగంలో కనుక్కున్నందుకు పెట్టింది కాదు. క్వాంటం శాస్త్రవేత్త ష్రోడింగర్ గురించి చెప్పినంతలో సగం సరిగానే ఉంది. ఆయనకు ఉపనిషత్తుల మీద నిజమైన ప్రేమ, 1944లో జీవం గురించి రాసిన పుస్తకం చివర ఆత్మ, బ్రహ్మం ఒకటే అన్న మాటను గౌరవంగా ఎత్తుకున్నాడు. చైతన్యం ఒక్కటే అన్నది ఆయన తత్వచింతన. 1926 నాటి సమీకరణాన్ని ఉపనిషత్తుల నుంచి తీశానని ఆయన అనలేదు.

వీళ్ళందరి ఫోటోలూ వేసి, మన పక్కనే ఉన్న మదనపల్లెను వదిలేశారు. 1895లో అక్కడ పుట్టిన జిడ్డు కృష్ణమూర్తితో, భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్ 1961 నుంచి దశాబ్దాల పాటు మాట్లాడాడు. 1980లో వాళ్ళిద్దరి మధ్య కాలం, ఆలోచనల గురించి వరుస సంభాషణలు నడిచాయి. ఆధునిక భౌతికశాస్త్రానికీ అంతర్ముఖ అనుభవానికీ నిజంగా సంబంధం ఎక్కడ ఉందో చూపించాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. చూసేవాడే చూడబడేది అన్న కృష్ణమూర్తి మాట బోమ్‌ను ఆకర్షించింది, క్వాంటం సిద్ధాంతంలో అతన్ని వేధిస్తున్న ప్రశ్నకు అది దగ్గరగా ఉంది కాబట్టి. అయినా ఒకరి మాటను మరొకరు రుజువుగా వాడుకోలేదు. గమనించాల్సింది ఇంకొకటి: బోమ్ 1952లో ప్రతిపాదించిన క్వాంటం సిద్ధాంతంలో కణానికి ఎప్పుడూ ఒక దారి ఉంటుంది, చూసేవాడి చైతన్యానికి ప్రత్యేక పాత్ర లేదు. అనుభూతి మార్గానికి అంత దగ్గరగా వెళ్ళిన శాస్త్రవేత్త సమీకరణంలోనే చైతన్యం కణాన్ని మార్చదు.

మధ్యాహ్నం ప్రశ్నల సమయంలో ఒక పెద్దావిడ అడిగారు. "సామీ, మా పాప అమెరికాలో ఉంది. ఆమెకు బాగలేకుంటే ఇక్కడ నాకు తెలిసిపోతుంది. అది ఇదేనా?" దానికి వచ్చిన జవాబు: "అవునమ్మా, మీ ఇద్దరికీ ఎంటాంగిల్‌మెంట్ ఉంది." ఆవిడ సంతోషంగా కూర్చున్నారు. తల్లి మనసును తక్కువ చేయాల్సిన పని లేదు, కానీ ఆ జవాబు తప్పు. ఎంటాంగిల్‌మెంట్ (జంట కణాల మధ్య ఉండే ముడి) మీద 1982లో అలేన్ ఆస్పె చేసిన ప్రయోగాలకు, క్లౌజర్, త్సైలింగర్‌ల పనికి కలిపి 2022లో నోబెల్ వచ్చింది. జంట కణాల్లో ఒకదాన్ని కొలిస్తే రెండోదాని ఫలితంతో సాధారణ తర్కానికి అందని పొంతన ఉంటుంది. అయితే ఎవరి దగ్గర చూసినా ఫలితాలు బొమ్మ, బొరుసులాగే పడతాయి. రెండు జాబితాలనూ ఫోన్లోనో ఈమెయిల్లోనో పక్కపక్కన పెట్టుకున్నాకే పొంతన తెలుస్తుంది. కబురు పంపడానికి అది పనికిరాదు. మెదడు సంగతికొస్తే, అంత వేడి, తేమ ఉన్న చోట క్వాంటం పొంతన నిలిచే కాలం మహా అయితే సెకనులో 10 లక్షల కోట్లవ వంతని 2000లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్ టెగ్‌మార్క్ లెక్కగట్టాడు. న్యూరాన్ పనికి పట్టేది సెకనులో వెయ్యో వంతు, ఆ పైన.

ఓంకార ఫ్రీక్వెన్సీ 136.1 హెర్ట్జ్ అని ఒక ట్యూనింగ్ ఫోర్క్ మోగిస్తారు. ఆ అంకె ఎక్కడిదంటే, భూమి సూర్యుని చుట్టూ తిరిగే సంవత్సర కాలాన్ని సెకన్లలోకి మార్చి, తలకిందులు చేసి, 32 సార్లు రెట్టింపు చేస్తే వస్తుంది. క్యాలిక్యులేటర్‌లో ఎవరైనా చేసి చూడొచ్చు. ఓంకారం ఎవరి శ్రుతిలో వాళ్ళు పలికేది, పెద్దలెవరూ హెర్ట్జ్ పెట్టలేదు.

ఇక ధ్యానం. ఆదివారం ఉదయం 6 గంటల సెషన్ చాలా బాగుంది. ముక్కుతోనే నిమిషానికి సుమారు 6 శ్వాసలు, లోపలికి 4 సెకన్లు, బయటికి 6 సెకన్లు. ఆ వేగంలో గుండె చప్పుడు, రక్తపోటు, శ్వాస ఒకే లయలో పడతాయి, శరీరం త్వరగా నెమ్మదిస్తుంది. తర్వాత 40 నిమిషాలు మౌనం. నేర్పినావిడకు మంచి అనుభవం ఉంది. మాటలు తక్కువ, గొంతు మెత్తన, ఎవరినీ కదిలించలేదు. వీపు నొప్పి ఉన్నవాళ్ళను అడగకముందే కుర్చీల్లోకి మార్చారు.

అయితే అదే రోజు 11 గంటలకు వేరే ఆయన వచ్చి 15 నిమిషాలు ఆపకుండా భస్త్రిక (కొలిమితిత్తిలా వేగంగా ఊపిరి తీసి వదిలే ప్రాణాయామం) చేయించారు. నాలుగైదు నిమిషాలకే కొందరికి వేళ్ళు, పెదవుల చుట్టూ తిమ్మిరి. ఒకరికి చేతివేళ్ళు కొంకర్లు పోయాయి. "క్వాంటం ఫీల్డ్‌తో కనెక్ట్ అవుతున్నారు, ఆపకండి" అని మైకులో చెప్పారు. ఇది ప్రమాదకరమైన మాట. అతివేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. రక్తం క్షారగుణం వైపు జరిగి, విడిగా తిరిగే కాల్షియం తగ్గి, నరాలు ఉలిక్కిపడి తిమ్మిర్లు, కొంకర్లు వస్తాయి. మెదడు రక్తనాళాలు ముడుచుకుని తల తిరుగుతుంది. వెంటనే ఆపి, నోరు మూసుకుని ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీస్తే కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. మూర్ఛ, గుండెజబ్బు, ఎక్కువ బీపీ, పానిక్ ఎటాక్‌లు ఉన్నవాళ్ళు, గర్భిణులు ఈ సెషన్‌లో కూర్చోకూడదు. ఫారంలో ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. వెంటనే చేర్చాలి.

మౌనం సెషన్‌లో కొందరికి నిజంగానే ఏదో జరిగింది, ముఖాల్లో కనబడింది. 1902లో మనస్తత్వవేత్త విలియం జేమ్స్ ఇలాంటి అనుభవాలకు నాలుగు లక్షణాలు చెప్పాడు: మాటలకు అందదు, ఏదో తెలిసిందన్న గట్టి భావం ఉంటుంది, ఎక్కువసేపు నిలవదు, మనం చేసింది కాదు మనకు జరిగింది అనిపిస్తుంది. ఇందులో రెండోదే ఈ వర్క్‌షాప్ మొత్తాన్ని నడిపిస్తోంది. తెలిసిందన్న భావం అంత బలంగా ఉంటే మనిషి దానికి ఋజువు వెతుక్కుంటాడు, ఇవాళ ఋజువంటే ఫిజిక్స్ కాబట్టి అటు పరిగెత్తుతాడు. పరిగెత్తక్కర్లేదు. ఆ మౌనం ఫోటాన్ల వల్ల లోతెక్కదు. రేపు ఫిజిక్స్‌లో సిద్ధాంతం మారితే పలచబడదు.

చివరి అరగంట స్టాల్. 'క్వాంటం స్కేలార్ పెండెంట్' 1,500 రూపాయలు, రాగి పిరమిడ్ అంతకు రెట్టింపు. పిరమిడ్ వల్ల డబ్బు తప్ప వేరే నష్టం లేదు. పెండెంట్ సంగతి అలా కాదు. 2021 డిసెంబర్‌లో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ ఇలాంటి 10 వస్తువులను రేడియోధార్మికత ఉందని గుర్తించి, ధరించవద్దని హెచ్చరించింది. 'నెగెటివ్ అయాన్లు విడుదల చేస్తుంది' అని రాసి ఉన్నవాటి మీదే ఎక్కువ అనుమానం పెట్టుకోవాలి, ఎందుకంటే పొడిలో థోరియం, యురేనియం ఉన్న ఖనిజం కలిపితే అది నిజంగానే చుట్టూ గాలిని అయనీకరిస్తుంది. స్టాల్‌లో అయాన్ మీటర్ పెట్టి ముల్లు కదలడం చూపించారు. కొనేవాళ్ళను ఆకట్టుకోవడానికి వాడిన ఆ ముల్లు భయపడాల్సిన గుర్తు. అన్నిటిలోనూ ఉంటుందని కాదు, చాలావరకు మామూలు పింగాణీ కావచ్చు. చూపుతో తేల్చలేం, గైగర్ కౌంటర్ (రేడియోధార్మికతను కొలిచే పరికరం) కావాలి. ఇప్పటికే మెడలో వేసుకున్నవాళ్ళు తీసి, డబ్బాలో మూసి, పిల్లలకు అందనిచోట పెట్టండి. రాత్రిపూట వంటి మీద ఉంచుకోవద్దు, పగలగొట్టి పొడి చేయవద్దు.

వెళ్ళాలనుకుంటే ఆదివారం ఒక్కరోజుకు 1,200 రూపాయలకు కూడా రాసుకుంటారు. కౌంటర్‌లో అడిగితేనే చెబుతున్నారు. ఉదయం 5.45కల్లా చేరుకోండి, 6 దాటాక తలుపు వేసేస్తారు. నేల మీద పరుపులు పలచన, మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళు దుప్పటి తెచ్చుకోవాలి. 11 గంటల సెషన్‌కు కూర్చోకుండా బయట వరండాలో ఉంటామంటే ఎవరూ అడ్డుచెప్పరు. సర్టిఫికెట్ కావాలంటే భోజనాల ముందే తీసుకోండి, తర్వాత ఆ బల్లను స్టాల్‌కి వాడుకుంటారు.